తల దించుకునే వీలు: గుర్రాల దూరప్రయాణానికి ముందూ వెనకా

2025 ఏప్రిల్ చివరి రోజులకూ మే మొదటి వారానికీ మధ్య 57 గుర్రాలను హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరి ఒక పల్లెకు రోడ్డు మీద తరలించారు. వడగాడ్పులు వీచే రోజులు, నాగ్‌పూర్ మీదుగా సుమారు 770 కిలోమీటర్ల దారి. చేరిన కొద్ది రోజులకే ఎనిమిది గుర్రాలు చనిపోయాయి, తర్వాత ఆ లెక్క ఇంకా పెరిగింది. వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టుకు ఎక్కింది. ఆ చావులకు కారణం ప్రయాణమా, అంతకు ముందే ఉన్న నీరసమా, చేరాక అందని సంరక్షణా అన్నది ఈ వ్యాసం తేల్చగలిగింది కాదు. అయితే ఆ వార్త చదివిన రోజు నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. గుర్రాన్ని బండి ఎక్కించి వందల కిలోమీటర్లు తీసుకెళ్ళాలంటే ఏమేం సిద్ధం చేసుకోవాలి? దీని మీద నలభై, యాభై ఏళ్ళుగా ఆస్ట్రేలియా, జపాన్, అమెరికా, బ్రిటన్ దేశాల్లో గట్టి పరిశోధన జరిగింది. అందులో మన రోడ్ల మీదికి వచ్చింది చాలా తక్కువ.

మన దగ్గర దూరం వెళ్ళే గుర్రాల్లో రెండు తరగతులున్నాయి. మొదటివి రేసు గుర్రాలు. హైదరాబాద్ మలక్‌పేటలో వానాకాలం పందేలు, చలికాలం పందేలు, మధ్యలో బెంగళూరు, పుణే, ముంబై. సీజన్ మారినప్పుడల్లా ఇవి ఊళ్ళు మారుతుంటాయి. వీటికి ప్రత్యేకంగా కట్టించిన ఫ్లోట్లనే బండ్లుంటాయి, వెంట గుర్రాన్ని చూసుకునే సైస్ ఉంటాడు, పశువైద్యుడి కాగితాలుంటాయి. రెండో తరగతివి పుష్కర్ సంతలోనో, మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతలోనో కొని తెచ్చుకునే మార్వాడీ గుర్రాలు, పెళ్ళి ఊరేగింపుల గుర్రాలు, కొత్తగా పెట్టిన రైడింగ్ స్కూళ్ళకు వచ్చే గుర్రాలు. ఇవి ఎక్కువగా మామూలు సరుకుల బండ్లలోనే వస్తాయి. సన్నాహం గురించి రాసే ప్రతి మాటా అసలు ఈ రెండో తరగతి కోసమే రాయాలని నా అభిప్రాయం. మొదటివాటికి చూసుకునేవాళ్ళు ఎలాగూ ఉన్నారు.

బండిలో నిలబడ్డ గుర్రం ఊరికే నిలబడి ఉందనుకుంటాం. అది నిజం కాదు. బ్రేకు పడ్డప్పుడు ముందుకీ, వేగం అందుకున్నప్పుడు వెనక్కీ, మలుపులో పక్కకీ తూలకుండా అది క్షణక్షణం కాళ్ళు సర్దుకుంటూనే ఉంటుంది. శరీర బరువులో అరవై శాతం దాకా ముందుకాళ్ళ మీదే ఉండే జంతువు కనుక ఆ శ్రమ ఎక్కువ. 1997లో బ్రిటన్ పరిశోధకులు పోనీల గుండె వేగాన్నీ, ఖర్చయ్యే శక్తినీ కొలిచి చూస్తే, బండిలో ప్రయాణం చేసినంతసేపూ అవి నడుస్తున్నప్పుడు పడేంత శ్రమ పడుతున్నాయని తేలింది. అంటే పన్నెండు గంటల ప్రయాణం పన్నెండు గంటల నడక. పైగా ఆ నడకలో ఆగి మేయడం లేదు, నీడన నిలబడడం లేదు. ఈ ఒక్క విషయం మనసుకు పట్టినవాళ్ళు గుర్రాన్ని దింపిన మర్నాడే స్వారీకి తీయరు.

ఈ శ్రమను తగ్గించడానికి గుర్రాన్ని ఎటు ముఖంగా నిలబెట్టాలన్న చర్చ చాలా కాగితం ఖర్చు చేసింది. బండి వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి నిలబెడితే మేలని కెనడాలో షారన్ క్రెగియర్ 1980ల నుంచీ వాదించారు. బ్రేకు పడినప్పుడు బరువు తల మీదికి కాకుండా బలమైన పిరుదుల మీదికి పోతుందని ఆమె తర్కం. 1996లో నటాలీ వారన్ బృందం చేసిన ప్రయోగంలో వెనక్కి తిరిగి నిలబడ్డ గుర్రాల గుండె వేగం తక్కువగా కనిపించింది. తేడా ఏమీ లేదన్న అధ్యయనాలూ ఉన్నాయి. మన 1978 నాటి జంతు రవాణా నిబంధనలు ఎదురొచ్చే బండ్లకు బెదరకుండా గుర్రాల తలలు ఎడమవైపుకి ఉండాలంటాయి. నేను చదివినంతలో దిక్కు కన్నా చోటు ముఖ్యం. నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడే వెడల్పూ, మెడ చాచుకునే నిడివీ ఉంటే గుర్రం తన దారి తాను చూసుకుంటుంది. ఆ చోటు లేనప్పుడు ఏ దిక్కుకు నిలబెట్టినా కష్టమే.

అసలు విషయం తల దగ్గర ఉంది. గుర్రం ముక్కుతోనే ఊపిరి పీల్చగలదు, నోటితో కాదు. బయట మేస్తున్నప్పుడు రోజులో సగానికి పైగా దాని తల నేలకు దగ్గరగా ఉంటుంది. ఆ వాలులోనే గాలిగొట్టంలో చేరిన దుమ్ము, చీమిడి, సూక్ష్మజీవులు బయటికి జారిపోతుంటాయి. గాలిగొట్టం లోపలి సన్నని నూగు ఆ చెత్తను పైకి తోస్తుంది కానీ, తల ఎత్తి ఉన్నప్పుడు ఆ తోపుడు ఏటికి ఎదురీతే. బండిలో ఏం చేస్తాం? పక్క గుర్రాన్ని కరవకుండా, తాడులో కాలు పడకుండా తలను ఎత్తుగా, పొట్టిగా కట్టేస్తాం. అది భద్రత కోసమే చేస్తాం. గుర్రాన్ని నిదానంగా చంపేది కూడా అదే కట్టు కావచ్చు.

దీన్ని పరీక్షించినవాళ్ళు సిడ్నీ పరిశోధకులు రైడల్, లవ్, బెయిలీ. 1995లో వాళ్ళు బండి లేకుండానే, కేవలం తల ఎత్తి కట్టి గుర్రాలను నిలబెట్టి చూశారు. 6 నుంచి 12 గంటల్లోపే ఊపిరితిత్తులకు పోయే దారిలో సూక్ష్మజీవుల సంఖ్య పెరిగింది, వాపు మొదలైంది. కుదుపు లేదు, డీజిల్ పొగ లేదు, ఎండ లేదు. తల ఎత్తి ఉండడమే చాలింది. ఆరు గంటలకు ఒకసారి అరగంట తల దించనిచ్చినా ఆ పేరుకుపోవడం నమ్మకంగా ఆగలేదు. ముందుగా పెనిసిలిన్ ఇచ్చినా ఆగలేదు. కట్టు విప్పి తల స్వేచ్ఛగా దించుకోనిస్తే మాత్రం 8 నుంచి 12 గంటల్లో ఆ చెత్తంతా శుభ్రపడింది. ఈ విషయంలో నేను చదివినవాటన్నిటిలోకీ నాకు ముఖ్యమనిపించినవి ఈ ఫలితాలే. ప్రయాణం ఎంతసేపు ఉండొచ్చు, మజిలీ ఎంతసేపు ఉండాలి, మందు ఏ మేరకు పనికొస్తుంది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఇందులోనే ఉంది. డాబా దగ్గర డ్రైవరు టీ తాగేంతసేపు ఆపితే అది గుర్రానికి మజిలీ కాదు. దింపాలి, తాడు వదలాలి, నేల మీద గడ్డి వేయాలి, రాత్రంతా అలా ఉండనివ్వాలి.

పేరుకున్న చెత్త ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చేదాన్ని షిప్పింగ్ ఫీవర్ అంటారు. ఊపిరితిత్తులకూ వాటి చుట్టూ ఉన్న పొరకూ చీము పట్టే జబ్బు అది. మామూలుగా గొంతులో ఏ హానీ చేయకుండా ఉండే స్ట్రెప్టోకాకస్ వంటి సూక్ష్మజీవులే అలసిన గుర్రంలో చెలరేగుతాయి. దీని మోసం ఏమిటంటే, దింపిన రోజు గుర్రం బాగానే కనిపిస్తుంది. కాస్త అలసిందిలే అనుకుంటాం. జ్వరం మర్నాడో, మూడో నాడో పైకి వస్తుంది. దగ్గు ఉండకపోవచ్చు కూడా. గుర్తించేసరికి నీరు చేరి ఉంటుంది. బతికినా కొన్నిసార్లు నెలల తరబడి వైద్యం సాగుతుంది, పాత ఊపిరి తిరిగి రాకపోవచ్చు. అందుకే బయలుదేరే ముందు ‘ముందుజాగ్రత్తగా’ ఒక యాంటీబయోటిక్ సూది వేయించే అలవాటును నేను సమర్థించలేను. ఆ సూది అందరికీ ధైర్యం ఇస్తుంది, గుర్రానికి మాత్రం రక్షణ ఇస్తుందన్న నమ్మకం లేదు. పైగా పేగుల్లోని మేలు చేసే జీవులను దెబ్బతీసి విరేచనాలు పట్టించవచ్చు. మత్తుసూది సంగతి కూడా అంతే. మత్తులో ఉన్న గుర్రం తూలకుండా నిలబడలేదు.

తల గురించి చెప్పుకున్నాం కదా, గడ్డి సంగతి కూడా దానికి ముడిపడే ఉంది. ముక్కు ఎత్తులో వలసంచి కట్టి ఎండుగడ్డి కుక్కితే, గుర్రం గంటల తరబడి ఆ దుమ్మునే పీలుస్తుంది, తలా దించదు. గడ్డిని బాగా తడిపి, కాలు చిక్కుకోని మేరకు వీలైనంత కిందికి కట్టడం మేలు. గడ్డి మానేయడం మాత్రం పరిష్కారం కాదు. గుర్రం కడుపులో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది, మేత పడకపోతే కడుపు గోడలే పుండ్లు పడతాయి. తగ్గించవలసింది గింజ దాణా. బయలుదేరే ముందు రోజు నుంచీ ఉలవలు, ఓట్స్ బాగా తగ్గించి గడ్డి పెంచాలి. నిలబడి ఉన్న గుర్రానికి బలం దాణా పెట్టి ఎక్కిస్తే ఆ బలం కడుపునొప్పిగా తిరిగొస్తుంది.

నీళ్ళు. మామూలు రోజుల్లోనే గుర్రం 25 నుంచి 50 లీటర్ల దాకా తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. అమెరికాలోని టెక్సస్‌లో టెడ్ ఫ్రెండ్ చేసిన అధ్యయనం 2000లో అచ్చయింది. వేడి వాతావరణంలో, పెద్ద ట్రక్కుల్లో, కొన్ని గుర్రాలకు మధ్య మధ్య నీళ్ళిచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా తీసుకెళ్ళి చూశారు. ఆరోగ్యంగా ఉన్న గుర్రాలైనా నీళ్ళు లేకుండా 24 గంటలు దాటితే ఒంట్లో నీరు ప్రమాదకరంగా తగ్గిపోతుందనీ, నీళ్ళు ఇచ్చినా 28 గంటలు దాటితే అలసట వల్లే హాని తప్పదనీ ఆయన తేల్చారు. ఇది ఆరోగ్యంగా ఉన్న గుర్రాల లెక్క అని గుర్తుంచుకోవాలి. ఎముకలు తేలిన గుర్రానికి ఈ గంటలు వర్తించవు.

నీళ్ళ తొట్టి బండిలో ఉన్నంత మాత్రాన గుర్రం తాగుతుందని కాదు. కొత్త ఊరి నీళ్ళ వాసన సరిపడక మూతి పెట్టి తీసేసే గుర్రాలు చాలా ఉన్నాయి. దీనికి రెండు దారులున్నాయి. ఇంటి నీళ్ళనే క్యాన్లలో నింపుకుని తీసుకెళ్ళడం ఒకటి. ప్రయాణానికి వారం పది రోజుల ముందు నుంచే నీళ్ళలో కొంచెం బెల్లం కలిపి ఆ రుచికి అలవాటు చేసి, దారిలో ఏ ఊరి నీళ్ళలోనైనా అదే బెల్లం కలపడం రెండోది. పక్కన మామూలు నీళ్ళు కూడా ఉంచాలి. ఎలక్ట్రోలైట్లు, అంటే లవణాలు, చెమట పోసిన గుర్రానికి అవసరమే, కానీ తగినన్ని నీళ్ళు తాగుతున్న గుర్రానికే ఇవ్వాలి. దాహం తీరని గుర్రానికి ఉప్పు పడితే ఉన్న నీరు కూడా పేగుల్లోకి లాగేసుకుంటుంది. నాలుగు గంటలకు ఒకసారి ఆగి బకెట్ అందించడం, ఎన్ని లీటర్లు తాగిందో ఒక కాగితం మీద రాయడం ఆచరణలో సరిపోతుంది. రాయడం ముఖ్యం. ఆరు గుర్రాలుంటే ఏది తాగలేదో మూడో మజిలీకి ఎవరికీ గుర్తుండదు.

ఎండ గురించి అందరికీ తెలుసు, నిలిచిన బండి గురించి కొద్దిమందికే తెలుసు. బండి కదులుతున్నంతసేపూ గాలి ఆడుతుంది. అయిదు వందల కిలోల శరీరాలు నాలుగైదు ఒకేచోట వేడి వెళ్ళగక్కుతుంటే, బండి ఆగిన కొన్ని నిమిషాల్లో లోపలి వేడి బయటికన్నా పైకి పోతుంది. టోల్ గేటు వరస, పంక్చరు, చెక్‌పోస్టులో కాగితాల తగువు అప్పుడు ప్రాణాంతకమవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ, విదర్భ దారుల్లో పగటి ప్రయాణం పెట్టుకోకూడదు, అంతే. సాయంత్రం చల్లబడ్డాక బయలుదేరి, తెల్లవారి ఎండ ఎక్కేలోపు ఎక్కడ దింపాలో ముందే తేల్చుకోవాలి. ఆ చోటు ముందుగా వెళ్ళి చూసి రావాలి: నీడ, నీళ్ళు, జారని నేల, ఎత్తు దిగేందుకు మట్టిగట్టో ర్యాంపో ఉన్నాయా అని. రాష్ట్రాలు దాటే దారిలో పశువైద్యుల ఫోన్ నంబర్లు ఊరూరా సంపాదించి పెట్టుకోవడం ఈ పనిలో భాగమే.

ఇక గంటల లెక్కకు వద్దాం. ఐరోపా యూనియన్ 2005 నాటి 1వ నంబరు నిబంధన ప్రకారం, తగిన వసతులున్న బండిలో గుర్రాలను గరిష్ఠంగా 24 గంటలు తీసుకెళ్ళవచ్చు, ప్రతి 8 గంటలకూ నీళ్ళివ్వాలి. రిజిస్టరు చేసిన గుర్రాలకు ఈ గంటల పరిమితి లేదు. అమెరికాలో కబేళాకు పోయే గుర్రాల విషయంలో 28 గంటలు దాటకుండా దింపాలి. జపాన్ రేసింగ్ సంస్థ పరిశోధకుడు ఒయికావా థరోబ్రెడ్ జాతి రేసు గుర్రాల మీద ఏళ్ళ తరబడి చేసిన పనిలో ప్రయాణం 20 గంటలకు చేరేసరికి జ్వరాలు ఎక్కువవడం కనిపించింది. 2005లో ఆయన బృందమే మరో సంగతి బయటపెట్టింది: ఎక్కువసేపు మజిలీ ఇచ్చి, ఆగినప్పుడల్లా పేడా మూత్రమూ ఎత్తేసి శుభ్రం చేసిన బండ్లలో శ్వాసరోగం తగ్గింది. మూత్రం నుంచి లేచే అమ్మోనియా గొంతును కోస్తుందన్నది కొత్త విషయం కాదు. చీపురూ పారా సన్నాహంలో మందుల పెట్టెతో సమానమని అంకెలతో చూపడం కొత్త.

దూరమే పాపం అనుకోవడం కూడా తప్పే. బార్బరా పడలీనో, ఆమె సహచరులు ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి సిడ్నీకి, దాదాపు 4,000 కిలోమీటర్లు వెళ్ళిన 1,600కు పైగా గుర్రాల రికార్డులు చూసి 2015లో ప్రచురించారు. జబ్బుపడినవి, గాయపడినవి అన్నీ కలిపి నూటికి మూడు కూడా లేవు. ఆ పనిలో ఆరితేరిన రవాణాదారులు, తగిన బండ్లు, మజిలీలు ఉంటే ఒక ఖండాన్ని దాటించవచ్చు. అదే అధ్యయనం ప్రయాణకాలం పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందని కూడా చెప్పింది. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు 570 కిలోమీటర్లు. ఆస్ట్రేలియా లెక్కలో అది చిన్న ప్రయాణం. సన్నాహం లేకపోతే ఆ చిన్న దూరమే గుర్రాన్ని మంచాన పడేస్తుంది.

మన నిబంధనలు చెడ్డవి కావు, పాతవి. 1978 నియమాలు పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలంటాయి, నిండు చూలుతో ఉన్నవాటినీ పిల్లలనూ మిగతావాటితో కలపొద్దంటాయి, నేల జారకుండా పరుపు వేయాలంటాయి, గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం ఉన్న వెదురుగడలు కట్టాలంటాయి, బండికి నాలుగు నుంచి ఆరు గుర్రాల కంటే ఎక్కువ వద్దంటాయి, వెంట ఒక మనిషి ఉండాలంటాయి. 2015లో సవరించిన మోటారు వాహనాల నియమాలు గుర్రానికి 2.25 చదరపు మీటర్ల చోటు నిర్ణయించాయి. ఇవన్నీ అమలైతే మన గుర్రాల కష్టం సగం తీరుతుంది. కానీ 1978 నియమాల్లోనే బండి వేగం గంటకు 35 కిలోమీటర్లు మించరాదని ఉంది. ఆనాటి రోడ్లకూ లారీలకూ అది సబబే కావచ్చు. ఈ రోజు జాతీయ రహదారి మీద ఆ వేగంతో వెళ్తే బెంగళూరు చేరడానికి 16 గంటలు పైనే పడుతుంది. తల ఎత్తి కట్టిన గుర్రానికి 6 గంటలకే ముప్పు మొదలవుతుందని తెలిశాక, వేగానికి హద్దు పెట్టి గంటలను, మజిలీలను గాలికి వదలడం ఎంత తలకిందుల పనో తెలుస్తుంది. కుదుపు లేకుండా నడపడం ఒకటి, నెమ్మదిగా నడపడం మరొకటి. బ్రేకు మీద కాలు ఎలా వేయాలో తెలిసిన డ్రైవరు 60లో నడిపినా గుర్రం నిలబడగలదు, తెలియనివాడు 30లో నడిపినా పడేయగలడు. నిబంధన మార్చే అవకాశం వస్తే గరిష్ఠ గంటలనూ, దింపి ఇచ్చే విశ్రాంతినీ ముందు రాయాలి.

ఈ సందర్భంలో ఒక పాత సంగతి చెప్పాలి. విజయనగర రాజ్యానికి మేలుజాతి గుర్రాలు హొర్ముజ్, అరేబియా తీరాల నుంచి ఓడల్లో వచ్చేవి. సాళువ నరసింహరాయలు ప్రాణంతో వచ్చిన గుర్రానికే కాక, ప్రయాణంలో చనిపోయినదానికి కూడా వెల కట్టి ఇచ్చేవాడని, సముద్రంలో చచ్చినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలునని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ 16వ శతాబ్దంలో రాశాడు. రాజు దృష్టిలో అది వర్తకులను తనవైపే ఉంచుకునే ఎత్తుగడ. గుర్రం వైపు నుంచి చూస్తే మాత్రం, దాన్ని బతికించి తేవాలన్న అవసరం వర్తకుడికి లేకుండా పోయింది. నష్టం ఎవరిదన్న ప్రశ్న ఈనాటికీ సన్నాహం నాణ్యతను నిర్ణయిస్తూనే ఉంది. రవాణాదారుడి బాధ్యత గేటు దగ్గర దింపడంతో ముగుస్తుంది, జ్వరం మూడో రోజు వస్తుంది. ఆ మూడు రోజులు ఎవరి లెక్కలోనూ లేవు. మాట్లాడుకునే ఒప్పందంలోనే వాటిని చేర్చాలి: మజిలీ ఎక్కడ, నీళ్ళు ఎన్నిసార్లు, తాడు పొడవు ఎంత, చేరాక ఎన్ని రోజుల దాకా ఎవరు జవాబుదారీ.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. గ్లాండర్స్ గుర్రాల నుంచి మనుషులకు కూడా అంటుకునే జబ్బు, 2009 నాటి అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా తెలియజేయవలసినది. సోకిన గుర్రానికి చికిత్స లేదు, చంపవలసిందే. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం నమూనాలు పరీక్షిస్తుంది, ఫలితం రావడానికి పట్టే సమయాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. 2008లో జమ్మూ దగ్గరి కట్రాలో మొదలైన అశ్వ ఇన్‌ఫ్లుయెంజా ఎన్నో రాష్ట్రాలకు పాకింది. టీకా వేయిస్తే బయలుదేరడానికి రెండు మూడు వారాల ముందే వేయించాలి, ముందు రోజు కాదు. టీకా జ్వరంలో ప్రయాణం కలిస్తే రెండూ చెడతాయి. నాడాలు కూడా వారం ముందే కొట్టించాలి. జ్వరం ఉన్నా, ముక్కు కారుతున్నా, కుంటుతున్నా ఆ రోజు బండి ఎక్కించకూడదు. బండికి అడ్వాన్సు ఇచ్చేశామన్నది కారణం కాదు.

ఎక్కించడం నేర్పడం గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. బయలుదేరే రోజు పొద్దున నలుగురు కలిసి తాడు లాగి, వెనక నుంచి కర్ర ఝళిపించి, కళ్ళకు గుడ్డ కట్టి ఎక్కిస్తారు. అలా ఎక్కిన గుర్రం బండి కదలకముందే చెమటతో తడిసిపోయి ఉంటుంది, దాని అలసట అక్కడే మొదలైపోతుంది. గుర్రాన్ని తనంతట తాను ఎక్కేలా ముందే అలవాటు చేస్తే ఎక్కించేటప్పుడు జరిగే గాయాలు తగ్గుతాయన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే మాట. దీనికి కావలసింది నెల ముందు నుంచీ రోజుకు పావుగంట. నిలిపి ఉంచిన బండి దగ్గర దాణా తినిపించడం, ర్యాంపు మీద రెండు అడుగులు వేయించి వెనక్కి దింపడం, లోపల నిలబెట్టి తలుపు వేయకుండానే దింపడం, తర్వాత తలుపు వేసి ఇంజిను ఆన్ చేసి ఆపడం, తర్వాత ఊరి చుట్టూ అరగంట. వెనక్కి దిగడం కూడా నేర్పాలి, దిగేటప్పుడూ కాళ్ళు విరగవచ్చు. ఒంటరిగా వెళ్ళే గుర్రానికి తోడు దొరకకపోతే బండి గోడకు అద్దం బిగించినా ఆందోళన తగ్గిందని 2009లో బ్రిటన్‌లో కే, హాల్ అనే ఇద్దరు పరిశోధకులు చూపారు. అన్నిటికంటే మంచి తోడు ఆ గుర్రాన్ని రోజూ చూసుకునే సైసే. కిరాయికి వచ్చిన కొత్త మనిషికి అది ఎప్పుడు డీలా పడిందో తెలియదు. సైస్‌కు రానూపోనూ ఖర్చులు, దారిలో పడుకునే చోటు, పూర్తి కూలీ ఇచ్చి పంపడం గుర్రం ఆరోగ్యానికి పెట్టే పెట్టుబడి. అతను రాత్రంతా మేలుకునే ఉండాలి కనుక ఇద్దరిని పంపగలిగితే ఇంకా మంచిది.

బండిని కూడా కిందికి వంగి చూడాలి. పరుపు ఎత్తి చెక్క నేలను ఇనుపకడ్డీతో పొడిచి చూస్తే మూత్రానికి కుళ్ళిన చోట్లు బయటపడతాయి. గుర్రం కాలు నేలలోంచి రోడ్డు మీదికి దిగిపోయిన ప్రమాదాలు అలాంటి బండ్లలోనే జరుగుతాయి. టైర్లు, బ్రేకులు, స్టెప్నీ, బరువు మోసే జాకీ చూసుకోవాలి. కాళ్ళకు కట్లు కట్టే విషయంలో నేను జంకుతాను. చేయి తిరిగినవాళ్ళు కడితే దెబ్బలు ఆగుతాయి, లేకపోతే ఎండలో బిగుసుకుని నరాల మీద నొక్కుతాయి, జారి కాళ్ళకు చుట్టుకుంటాయి. కట్టడం తెలియకపోతే కట్టకపోవడమే నయం. వెంట తప్పక ఉండవలసినవి అదనపు హాల్టరు, తాడు కోసేందుకు కత్తి, బకెట్లు, టార్చి, గాయాలు కడిగే మందు, అన్నిటికంటే ముందు థర్మామీటర్.

గుర్రం మామూలు ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఉంటుంది, కానీ ప్రతి గుర్రానికీ తనదైన లెక్క ఉంటుంది. ఆ లెక్క తెలియాలంటే బయలుదేరే ముందు మూడు రోజులు పొద్దునా సాయంత్రం చూసి రాయాలి. చేరాక కనీసం మూడు రోజులు, దూరం ఎక్కువైతే అయిదు రోజులు, అలాగే రెండు పూటలా చూడాలి. 38.5 దాటిందంటే పశువైద్యుణ్ణి పిలవాలి, రేపు చూద్దామనకూడదు. మేత వదిలేయడం, మోచేతులు ఎడంగా పెట్టి నిలబడడం, పొట్ట పక్క తాకితే ఉలిక్కిపడడం, ముక్కులోంచి దుర్వాసన, పేడ తగ్గడం కూడా గుర్తులే. దింపిన వెంటనే పది నిమిషాలు నడిపించి, నీళ్ళు పెట్టి, తడిపిన గడ్డిని నేల మీదే వేయాలి. పాత గుర్రాలకు దూరంగా రెండు మూడు వారాలు వేరే కొట్టంలో ఉంచాలి. 12 గంటలు దాటిన ప్రయాణానికి ఒక పూర్తి రోజు, 24కు చేరితే మూడు రోజులు జీను వేయకూడదు. పందెం, ప్రదర్శన, పెళ్ళి తేదీని ఈ రోజులు కలుపుకునే నిర్ణయించాలి. తేదీకి అవి సర్దుబాటు కాకపోతే వెళ్ళవలసింది ఆ గుర్రం కాదు, ఆ ఊళ్ళోనే ఉన్న మరో గుర్రం.